పంటి బిగువు

మత్తు దిగే యాళకి సంతపేటంతా కరెంటు పోయినాది.
ముందు పెదవి నాదయ్యె,
తర్వాత ముక్కు కింద ఇంత చోటు,
ఆమీట మెల్లింగా, అద్దెకొచ్చినోడు
ఒక్కో సామానూ దించుకున్నట్ల,
నొప్పి.

కొంగారెడ్డిపల్లెలో మేడమీద ఆస్పత్రి.
డాక్టరమ్మకి నా కూతురి ఈడు కూడా లేదు.
నోరు తెరిచీ తెరవంగానే అనె,
"బట్టలు కుడతావా అమ్మా నువ్వు?"
టేపు మెడలోనే మరిచి వస్తినేమోనని తడుముకుంటి.
అది కాదంట.
ముందరి పంటికి గాడి పడి ఉండాదంట,
సన్నంగా, దారం పట్టేంత.

ఇరవైయారేండ్లు.
కత్తెర యాడుందో చూసుకునే తీరికేది?
నల్లదారం, ఎర్రదారం, పెండ్లిజాకెట్ల జరీదారం
అన్నీ ఆ గాడిలోనే తెగినాయి.

సూది మాదిరిది ఏందో లోపలికి దించి, తిప్పి,
ఒక పోగు బయటికి లాగి దీపం కింద చూపించె.
"ఇదేనమ్మా నరం."
బాబిన్లో దారం కన్నా సన్నం.
ఎర్రగా, తడిగా, కొనన ఒక మెలిక.
ఇన్నేండ్లు నేను కొరికినవాటికంతా బదులుగా
నాలోంచి ఒక దారం తీసినట్లుండె.

ఇంక ఆ పన్నుకి చల్లన తెలీదు, వేడి తెలీదు,
చచ్చిపోయినట్లే లెక్క, అని చెప్పి పంపించె.
మరి రేత్రి రెండు గంటలకాడ
ఈ అరిచేది ఎవురు?

మిషను తొక్కినట్లే ఉండాది.
ఒకటే వరస, నిలపకుండా, సూది దిగి లేచి, దిగి లేచి.
నిలిపేదానికి
పెడలు మీద నా కాలు లేదు.

ఏ నొప్పొచ్చినా పంటి బిగువున పట్టినదాన్ని.
చిన్నోడి కాన్పులో చాపకొన కరిచినాను.
సూది గోట్లో దిగబడిన పొద్దు
కొంగు కరుచుకోని
ఆ చేత్తోనే కాజాలు ముగించినాను.
మా మొగిలయ్య తోతాపురి లారీతో పొయ్యి
ఆరు నెల్లు అయిపు లేని ఏడు,
నిద్దర్లో నా పండ్లు కిర్రుమంటా ఉండాయని
పిల్లోళ్ళు తట్టి లేపేవోళ్ళు.
అంతా పండ్లే మోసినాయి.
ఇప్పుడు పన్నే నొస్తే
దేన్ని కరిచి ఓర్చుకునేది?

పక్కింటి సెల్వి పొద్దుగూకినప్పుడే వచ్చి
లవంగం చేతిలో పెట్టి
అరవంలో తిట్టిపొయ్యె, నన్నో, పన్నునో.
లవంగం వద్దనె డాక్టరమ్మ.
ఇద్దరి మాటా తీసేయలేక
కొంగున ముడేసుకోని కూర్చున్నా.
గంజి ఎడంపక్క నుంచి జార్చినాను.
నాలిక మాత్రం, వద్దన్నాకొద్దీ
తాళం మార్చిన తలుపు కాడికి
చీకట్లో పొయ్యి పొయ్యి తడుముతా ఉండాది.

మూడు దినాలు ఉంటాదంట.
నరమే లేదంటివే, ఇంక నొప్పెందుకు అంటే
ఎముకనె, వాపనె, చుట్టూ ఉండే కండనె.
ఆ పొద్దు నాకు ఎక్కలేదు.

తెల్లారుజామున కరెంటొచ్చి
మిషను మీది బల్బు వెలిగినాక ఎక్కె.
మునిరత్నమ్మ జాకెట్టు, చంకలో బిగుతంటే
మొన్ననే కుట్టు విప్పి పెట్టినాను.
దారం లేదు. చిల్లులు ఉండాయి
చీమలబారు మాదిరి, ఒకదాని ఎనక ఒకటి.
దారం ఇంకా పట్టి లాగతా ఉన్నట్ల
గుడ్డ ఆడికాడికి ముడుచుకోని ఉండాది.
రెండు ఉతుకులు పడితేగానీ
గుడ్డ మరిచిపోదు.

సరే, రెండు ఉతుకులు.

పైన తొడుగు ఐదువేలంట.
ఇరవై లైనింగు జాకెట్లు.
గాడి కూడా కనపడకుండా పోతాదంట,
"ఇంక దారాలు కొరకబాక" అనె.
నోట్లో దూది. తలకాయ ఊపినాను.

తొమ్మిదికంతా మునిరత్నమ్మ వచ్చె.
కూర్చోబెట్టి, వదులు చేసి, మళ్ళీ కుట్టినాను.
కడాకు ముడేసి
దారం నోటికాడికి ఎత్తినాను.
పెదవికి తగిలినాక ఆగినాను.

కత్తెర యాడ పెట్టినానో
ఇద్దరం ఎతకతా ఉండాము.